చిక్కె వంశం వెన్న

ఫర్దౌ మొదటిసారి నా చేతికి వెన్న రాసిన రొట్టె ఇచ్చినప్పుడు అందులో ప్రేమ ఏమీ లేదు. నా నోరు మూయించడానికే ఇచ్చింది.

అది డిసెంబరు. బయట సన్నటి జల్లు అడ్డంగా కొడుతోంది. సముద్రం పక్కనున్న మా ఫ్రీస్‌లాండ్‌లో వాన పైనుంచి పడదు, పక్కనుంచి వస్తుంది. గొడుగు పట్టుకుని కనిపించినవాడు ఊరికి కొత్తని ఇట్టే తెలిసిపోతుంది. నేను ఊరూరా తిరిగి పాల నమూనాలు తీసుకెళ్లే మనిషిని. పాలు పితికే వేళకి వెళ్లి, ఒక్కో ఆవు పాలు ఒక్కో చిన్న సీసాలో పట్టి ల్యాబ్‌కి చేరుస్తాను. వారం తిరక్కుండా ఏ ఆవు పాలలో వెన్నశాతం ఎంతో కాగితం మీద వస్తుంది. ఆ కాగితం చూసే రైతు ఏ ఆవుని ఉంచుకోవాలో, దేన్ని కబేళా లారీ ఎక్కించాలో తేల్చుకుంటాడు. అందుకే నన్ను చూస్తే రైతులు నవ్వుతారు, వాళ్ల కూతుళ్లు నవ్వరు.

సిప్‌కె గారి పాడికి నన్ను వెయ్యడం అదే మొదలు. సీసాల పెట్టె దించి తల ఎత్తేసరికి గుమ్మానికి అడ్డంగా ఒకమ్మాయి నిలబడి ఉంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చెవుల మీదికి లాగిన ఉన్ని టోపీ, చేతిలో కిందటి నెల కాగితం.

"ఇది తెచ్చింది మీరేనా?"

"నా ముందు మనిషి. ఏం, తప్పుందా?"

"ఉన్నదాంట్లో తప్పు లేదు. లేనిదాంట్లో ఉంది."

కాగితంలో ఒక వరస మీద వేలు పెట్టి చూపించింది. చిక్కె 54, వెన్నశాతం మూడు పాయింట్ ఆరు. మిగతా ఆవులు చాలావరకు నాలుగు దాటి, నాలుగున్నర దాటి ఉన్నాయి. వెన్న ఎంతుందో రాశారు గానీ ఎలాంటి వెన్నో రాయలేదని ఆమె ఫిర్యాదు.

తెల్లారుజామున లేచి వచ్చినవాణ్ణి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. వెన్న వెన్నే కదండీ అని ఊరుకోకుండా అనేశాను.

అంతే, నా చొక్కా చెయ్యి పట్టుకుని నేలమాళిగలోకి లాక్కెళ్లింది. అక్కడ బల్ల మీద రెండు మట్టి జాడీలు, కోసి పెట్టిన నల్ల రొట్టె ఉన్నాయి. మొదటి జాడీలోంచి వెన్న తీసి రాయబోతే రొట్టె చీలిపోయింది. వెన్న మాత్రం గడ్డలాగే ఉండిపోయింది. రెండో జాడీలోకి కత్తి దించి రొట్టె మీద ఒక్కసారి లాగింది. ఈ చివర నుంచి ఆ చివరకి పట్టులా పరుచుకుంది.

"ఒకే కొట్టం, ఒకే మేత, ఒకే చలి. ఇది చిక్కె వెన్న. తినండి."

తిన్నాను. మళ్లీ వెన్న వెన్నే అనలేదు. పైగా ఇంకో ముక్క అడిగాను. ఆమె ఇవ్వలేదు.

మా వైపు ఆవులకి తల్లి పేరే దూడకి వస్తుంది, అంకె మాత్రమే మారుతుంది. చిక్కె కడుపున పుట్టిన పెయ్యలన్నీ చిక్కెలే. ఆ ఇంట్లో చిక్కె వంశం ఫర్దౌ నాయనమ్మ తెచ్చింది. ఇప్పుడు మిగిలినవి రెండే, చిక్కె 54, దాని కూతురు చిక్కె 58. సిప్‌కె గారికి ఆ వంశమంటే పడదు. పాల ధర వెన్నశాతాన్ని బట్టి ఇస్తారు గానీ మెత్తదనాన్ని బట్టి కాదు కదా అంటాడు. చిక్కె 54ని చలికాలం పోయేలోగా లారీ ఎక్కిస్తానని చెప్పేశాడు. ఆయన ప్రాణమంతా దౌచెన్ వంశం మీద. దౌచెన్ 31 అనే ఆవు పాలు విడిగా చిలికించుకుని, ఆ వెన్న తప్ప ఇంకోటి ముట్టడు.

ఫర్దౌ కోరిక వేరు. చలికాలంలో కూడా మెత్తగా ఉండే వెన్న ఆ నేలమాళిగలోనే చిలికి, శుక్రవారం సంతలో అమ్మాలని. దానికి ఆ వంశం కావాలి. ఆవు పోతే వంశం పోతుంది, వంశం పోతే వెన్న పోతుంది.

ఈ సంగతులన్నీ నేను అడగకుండానే చెప్పింది. నేను కూడా నా పని అయిపోయాక కదలకుండా అక్కడే నిలబడి విన్నాను. ఎందుకు నిలబడ్డానో ఆ రోజు నాకు తెలియదు. తెలియదంటే నమ్మరు, సరే, కొంచెం తెలుసు.

మర్నాడు ల్యాబ్‌లో నా దోస్తు ఒకణ్ణి పట్టుకుని అడిగాను. వెన్నంటే ఒకటే కొవ్వు కాదట, రకరకాల కొవ్వుల కలగలుపట. కొన్ని చలికి బిగుసుకుపోతాయి, కొన్ని బిగుసుకోవు. ఏది ఎంత అన్నది కొంత మేత చేతిలో ఉంటుంది, కొంత పుట్టుకలోనే వస్తుంది. ఆవులో ఒక జన్యువు ఉంది, అది రెండు రకాలు. ఒక రకం వెన్నశాతాన్ని పెంచుతుంది, కానీ ఆ వెన్నని గట్టిగా చేస్తుంది. రెండో రకానికి వెన్న తక్కువ, కానీ మెత్తన. తల్లి దగ్గర్నుంచి ఒకటి, తండ్రి దగ్గర్నుంచి ఒకటి దూడకి వస్తాయి. ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని, జనవరి దాకా ఆగలేక, ఆ ఆదివారమే సైకిలెక్కి పద్నాలుగు కిలోమీటర్లు ఎదురుగాలిలో తొక్కుకుంటూ వెళ్లాను.

తలుపు తీసింది సిప్‌కె గారు. నిలువెత్తు మనిషి, నవ్వడం ఎప్పుడో మానేసిన మొహం.

"ఆదివారం పూట సీసాలేంటయ్యా?"

సీసాలు కావండి, జన్యువులు అన్నాను. ఆయన నన్ను పైనుంచి కింద దాకా చూసి, కూతుర్ని పిలిచి, నీ కోసం ఎవరో తడిసిన కోడిపిల్ల వచ్చిందని చెప్పాడు. ఆమె వచ్చి చూసి నవ్వింది. ఆ నవ్వు కోసమైతే ఇంకో పద్నాలుగు కిలోమీటర్లు తొక్కేవాణ్ణి. ఎలాగూ తిరిగి వెళ్లడానికి తొక్కాల్సిందే.

ఆ పూటే తండ్రీ కూతుళ్ల మధ్య పందెం కుదిరింది. వెన్న మెత్తదనం రక్తంలో వస్తుందని రుజువు చేస్తే చిక్కె వంశాన్ని ఉంచుతానని ఆయన ఒప్పుకున్నాడు. లేకపోతే ఫిబ్రవరి రెండో సోమవారం లారీ వస్తుంది. మాటంటే మాటేనని ఇద్దరూ చేతులు కలిపారు. ఇద్దరి దవడలూ ఒకే తీరున బిగుసుకున్నాయి. రక్తంలో ఏమేం వస్తాయో నాకు అప్పుడే అర్థమైంది.

జనవరిలో పరీక్ష పెట్టాం. ఆరు ఆవుల పాలు విడివిడిగా చిలికి, ఆరు గిన్నెల్లో వెన్న పెట్టి, పేర్లు గిన్నెల అడుగున రాశాం. సిప్‌కె గారు కత్తి పట్టుకుని ఒక్కో రొట్టె ముక్క మీద ఒక్కో వెన్న రాశాడు. నాలుగు గిన్నెల వెన్నకి రొట్టె చీలింది. రెండు గిన్నెల వెన్న హాయిగా పరుచుకుంది. మూడో గిన్నె దగ్గర ఆయన కొంచెం నాలిక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఇది నా దౌచెన్. నిద్రలో లేపి పెట్టినా చెబుతాను."

గిన్నె తిప్పితే దౌచెన్ 31 అనే ఉంది. మెత్తటి రెండోది చిక్కె 54. కానీ దాని కూతురు చిక్కె 58 వెన్న రాయిలా ఉంది.

"తల్లిది మెత్తన, కూతురిది రాయి. ఏ సంబంధమూ లేని నా దౌచెన్‌ది మెత్తన. ఇక రక్తం ఎక్కడుందమ్మా?" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. గెలిచానని ఎగిరి గంతెయ్యలేదు. అదే ఇంకా బాధగా అనిపించింది.

ఫర్దౌ ఏడవలేదు. వెన్న చిలికే పీపాని వేడినీళ్లతో కడగడం మొదలుపెట్టింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది, అయినా తోముతూనే ఉంది. నేను పక్కన నిలబడి లెక్క వేసుకున్నాను. ఎటు వేసినా కుదరలేదు. కుదరాలంటే ఒకటే దారి.

"58 నిజంగా చిక్కె కూతురేనా?"

పీపా తోమే చెయ్యి ఆగింది.

"అది పుట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను."

చెప్పేముందు కాస్త ఆలస్యం చేసింది. ఆ ఆలస్యం నేను గమనించాను, గమనించనట్టు ఊరుకున్నాను. నాలుగు ఆవుల తోక వెంట్రుకలు కుదుళ్లతో సహా పీకి ఇస్తే ల్యాబ్ వాళ్లు ఎవరు ఎవరి బిడ్డో తేలుస్తారని మాత్రం చెప్పాను.  ఆమె టోపీ సర్దుకుని కొట్టంలోకి నడిచింది.

"పదండి. నేను పట్టుకుంటాను, మీరు పీకండి. తన్నితే నా పూచీ కాదు."

54, 58, 31, దౌచెన్ 31కి తల్లిగా రాసి ఉన్న ముసలి దౌచెన్, నాలుగింటివీ తీశాం. 58 తన్నింది. తొడ మీద మచ్చ ఇప్పటికీ ఉంది, చూపించమంటే చూపిస్తాను.

ఆ తరవాత మూడు వారాలు మా ఇద్దరికీ ఫోనే పని. ఫలితం వచ్చిందా అని పొద్దున ఒకసారి అడిగేది, సాయంత్రం ఒకసారి అడిగేది. రెండోవారానికి, వచ్చిందా అన్న మాట తరవాత ఏం తిన్నారు అన్న మాట కూడా వచ్చింది. మూడోవారానికి 'మీరు' పోయి 'నువ్వు' అయింది. అది ఎవరు ముందు అన్నారో ఇప్పటికీ మా మధ్య తగువే.

ఫలితం శుక్రవారం సాయంత్రం వచ్చింది. లారీ సోమవారం. శనివారం పొద్దున్నే కాగితం జేబులో పెట్టుకుని బయలుదేరాను. ఆ రోజు వాన కాదు, వడగళ్లు. వాళ్ల వాకిట్లో ఇరవై సైకిళ్లున్నాయి. ఏం జరిగిందోనని నా సైకిల్ గోడకి పడేశాను. తలుపు తోసుకుని వెళ్తే తెలిసింది, సిప్‌కె గారికి అరవై నిండాయి.

మా వైపు పుట్టినరోజుల సంగతి చెప్పాలి. గోడల వారగా కుర్చీలు గుండ్రంగా వేస్తారు. వచ్చినవాడు ఆ చివర నుంచి ఈ చివరకి అందరి చేతులూ కలుపుతూ పోవాలి. పుట్టినరోజు మనిషికే కాదు, ప్రతివాళ్లకీ శుభాకాంక్షలు చెప్పాలి. మీ నాన్నగారి పుట్టినరోజుకి, మీ తమ్ముడి పుట్టినరోజుకి, మీ పక్కింటాయన పుట్టినరోజుకి అంటూ. తప్పించుకునే దారి లేదు. నేను తడి కోటుతోనే చేతులు కలుపుతూ పోయి, ఫర్దౌ పక్కన ఖాళీగా ఉన్న ఒక్క కుర్చీలో కూలబడ్డాను.

పక్కనే ఆమె మేనత్త హిస్కె ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. నా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, ఫర్దౌని చూసి, నన్ను చూసి, గది మొత్తానికి వినబడేలా అంది.

"మీ మామగారి పుట్టినరోజు శుభాకాంక్షలు బాబూ."

ఇరవై కాఫీ కప్పులు ఒక్కసారిగా ఆగాయి.

"మామా లేడు, అల్లుడూ లేడు. అతను సీసాలబ్బాయి," అన్నాడు సిప్‌కె గారు అవతలి కుర్చీలోంచి.

కాదండీ అని నేను కూడా అనాల్సింది. మర్యాద అదే. కానీ నా నోటికి ఏమైందో, చాలా థాంక్సండీ అనేసింది. ఫర్దౌ మొహం బల్ల మీదున్న గులాబీ కేకు రంగుకి తిరిగింది. కాఫీ తెస్తానని లేచింది. కప్పులు మోస్తానని నేనూ లేచాను.

వసారాలో, కోట్లు తగిలించిన కొక్కేల కింద, కాగితం ఆమె చేతిలో పెట్టాను. చిక్కె 54కి రెండు వైపులా మెత్తటి రకమే. అంటే దాని కడుపున పుట్టిన ఏ దూడకైనా కనీసం ఒకటి మెత్తటిది రావాలి. చిక్కె 58కి రెండూ గట్టి రకాలే. కాబట్టి అది 54 కూతురు కానే కాదు, ముసలి దౌచెన్ కూతురు. సిప్‌కె గారు నెత్తిన పెట్టుకున్న దౌచెన్ 31 మన చిక్కె 54 కూతురు. రెండు దూడలూ తారుమారయ్యాయి.

ఆమె రెండుసార్లు చదివింది. తరవాత గోడకి ఆనుకుంది.

"నేను పక్కన లేను యోరిట్. ఆ వారం కాలువలు గడ్డకట్టాయి. ఎన్నేళ్లకో ఒకసారి వచ్చే మంచు. నాన్న దాణా వ్యాపారితో మాట్లాడాలని వెళ్తూ, రెండు ఆవులూ ఈనేలా ఉన్నాయి, కదలొద్దని చెప్పాడు. నేను స్కేట్లు కట్టుకుని వెళ్లిపోయాను. వచ్చేసరికి ఒకే గడ్డిలో రెండు దూడలు, రెండు తల్లులూ రెండింటినీ నాకుతున్నాయి. చూసి చూసి, ఊహించి చెవి బిళ్లలు వేశాను. అయిదేళ్లుగా పక్కనే ఉన్నానని చెబుతున్నాను."

నాకు ఆమె పరువు కాపాడాలనిపించింది. చెవి బిళ్లలు ఊడిపోయి మళ్లీ వేసినప్పుడు మారిపోయాయని చెబుదాం, ఎవరికీ అనుమానం రాదు అన్నాను.

"వద్దు. ఒక అబద్ధంతో ఆ ఆవు చావుదాకా వచ్చింది. ఇంకో అబద్ధంతో దాన్ని బతికించను."

కాగితం తీసుకుని లోపలికి వెళ్లింది. కాఫీ జగ్గు నా చేతిలోనే ఉండిపోయింది. గుండ్రంగా కూర్చున్న ఆ ఇరవైమంది మధ్య, తండ్రి ఎదురుగా నిలబడి, నాకు చెప్పినట్టే, అదే వరసలో, ఒక్క ముక్క కూడా తగ్గించకుండా చెప్పింది.  నిజం చెప్పాలంటే నేను ఆమెని ప్రేమించింది ఆ క్షణంలోనే. అంతకు ముందుదంతా ఇష్టం.

 సిప్‌కె గారు మెడ నుంచి చెవుల దాకా ఎరుపెక్కాడు. రెండు ఆవుల్ని పురిటి వేళ వదిలేసి ఆడుకోవడానికి వెళ్లావా అని ఒక్కో మాటా వత్తి అడిగాడు. అవును నాన్నా, తప్పు నాదే అంది. గదిలో ఎవరూ కేకు ముట్టడం లేదు.

అప్పుడు హిస్కె అత్త గొంతు సవరించుకుంది.

"ఒరే సిప్‌కె, ఆ రోజు నువ్వు దాణా వ్యాపారి దగ్గర ఉన్నావా?"

"హిస్కె, కేకు తిను."

"తింటున్నాను. వంతెన కింద మంచు మీద స్కేట్లతో పడి, తడిసిన ప్యాంటుతో మా ఇంటికి వచ్చిందెవరు? మా ఆయన ప్యాంటు వేసుకెళ్లిందెవరు? అది ఇంకా తిరిగివ్వలేదు, అందుకే గుర్తుంది."

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు, తరవాత గదంతా నవ్వింది. తండ్రీ కూతుళ్లు మాత్రం ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. ఒకే కాలువ మీద, ఒకే రోజు, ఒకరికి తెలియకుండా ఒకరు.

సిప్‌కె గారు లేచి, బల్ల దగ్గరికి వెళ్లి, తన జాడీ మూత తీశాడు. కత్తితో వెన్న తీసి నల్ల రొట్టె మీద నెమ్మదిగా రాశాడు. అది పరుచుకోవడం చూస్తూ నిలబడ్డాడు.

"ఇన్నాళ్లుగా నేను తింటున్నది చిక్కె వెన్నా?"

"అవును నాన్నా. నాయనమ్మ చేసిన వెన్నే."

ఆయన ఆ రొట్టె పూర్తిగా తిన్నాడు. చేతులు తుడుచుకున్నాడు. ఫోన్ తీసి, అందరి ముందే లారీ మనిషికి సోమవారం రావద్దని చెప్పాడు. ఎప్పుడు రమ్మంటారని అవతలివాడు అడిగినట్టున్నాడు. నా కూతుర్ని అడుగు, ఆ వంశం ఇక ఆమెది అని పెట్టేశాడు.

పాలు పితికే వేళకి నేనూ ఫర్దౌ కొట్టంలోకి వెళ్లాం. పై రేకుల మీద వడగళ్లు ఆగి మామూలు వాన మొదలైంది. చిక్కె 54 తనకేమీ పట్టనట్టు నెమరు వేస్తోంది. ఫర్దౌ దాని మెడ మీద మొహం ఆనించింది. అప్పుడు ఏడ్చింది. నేను చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక ఆవు వీపు మీద పెట్టాను.

"అత్త అన్నప్పుడు కాదని ఎందుకు చెప్పలేదు?" అని అటు తిరిగే అడిగింది.

"ఇవాళ ఈ ఇంట్లో అబద్ధాలు చెల్లవన్నావుగా."

ఆమె ఇటు తిరిగింది. కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలు నవ్వుతున్నాయి.

"సూటిగా చెప్పు యోరిట్. నేను కాగితాలు నమ్మను."

"నువ్వంటే నాకు ప్రేమ. ఈ పాడి, ఈ వాన, ఆ తన్నే ఆవు, అన్నీ కలిపి. నమూనా పరీక్షకి ఇవ్వక్కర్లేదు."

ఆవు వీపు మీదున్న నా చేతి మీద ఆమె చెయ్యి వేసింది. నాక్కూడా, ఆ ఎదురుగాలిలో నువ్వు తడిసి వచ్చిన ఆదివారం నుంచే అంది. అంటే నాకంటే ముందే. ఆ ఒక్క విషయంలో తగువు పడే అవకాశం నాకు ఇవ్వలేదు.

నేను బయలుదేరేటప్పుడు సిప్‌కె గారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో తన వెన్న జాడీ ఉంది. దాన్ని నా చేతుల్లో పెట్టాడు. హడావుడిలో అందరికీ చెప్పాను గానీ ఆయనకి చెప్పనేలేదని గుర్తొచ్చి, పుట్టినరోజు శుభాకాంక్షలండీ అని చెయ్యి చాచాను.

ఆ పెద్ద చెయ్యి నా చేతిని పట్టుకుని వదల్లేదు. నవ్వడం మానేసిన ఆ మొహంలో ఎక్కడో ఏదో కదిలింది.

"నీక్కూడానయ్యా," అన్నాడు. "మీ మామగారి పుట్టినరోజుకి."